ఎన్‌గోరోంగోరో ముందు రాత్రి: సింబా క్యాంపా, కరాటూ ఊరా?

టాంజానియా సఫారీలో ఎన్‌గోరోంగోరో లోయలోకి దిగే ముందు రాత్రి ఎక్కడ ఉండాలన్నది అందరూ అడిగే ప్రశ్న. లోయ పైఅంచున సింబా క్యాంప్‌లో టెంట్ వేసుకోవాలా, అభయారణ్యం గేటు బయట ఉన్న కరాటూ ఊళ్లో గది తీసుకోవాలా? ఓపిక ఉన్నవాళ్లకి నేను సింబాయే చెబుతాను.

ఈ లోయ పాత అగ్నిపర్వతం కూలగా ఏర్పడింది. లోతు దాదాపు 600 మీటర్లు, అడుగున సుమారు 260 చదరపు కిలోమీటర్ల మైదానం. సింహాలని వేట హడావిడిలో చూడాలంటే ఎండెక్కకముందే దిగాలి. సింబాలో పడుకున్నవాళ్లు ఉదయం ఆరింటికల్లా దిగుడు దారి దగ్గర ఉండొచ్చు. కరాటూ నుంచి వచ్చేవాళ్లు గేటు దగ్గర కాగితాల పని చూసుకుని, అడవి దారిలో ఘాట్ ఎక్కి, అప్పుడు దిగాలి. ఈలోపు మంచి సమయం కాస్తా గడిచిపోతుంది.

అయితే సింబాలో రాత్రి తేలిక కాదు. ఎత్తు 2,300 మీటర్ల పైమాటే. జూన్ నుంచి ఆగస్టు దాకా చలి ఎముకలు కొరికేస్తుంది, తెల్లారేసరికి టెంట్ మంచుకి తడిసి ముద్దవుతుంది. స్వెటర్, మంకీ క్యాప్, మందపాటి సాక్సులు ఉండాల్సిందే. వేడినీళ్ల మీద ఆశ పెట్టుకోకండి. కంచె ఉండదు. టెంట్ గుడ్డకి అవతలే జీబ్రాలు గడ్డి పరపరా పీకి నమలడం వినిపిస్తుంది. ఒక్కోసారి ఏనుగు వచ్చి ట్యాంకులో తొండం పెట్టి నీళ్లు తాగిపోతుంది. ఆ అనుభవం ఏ హోటల్ గదిలోనూ దొరకదు. తిండి వాసనకి అడవిపందులు వస్తాయి కాబట్టి బిస్కెట్లు, ఆవకాయ సీసా అన్నీ బండిలోనే పెట్టాలి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే ముందు టార్చ్ చుట్టూ తిప్పి చూడండి. కళ్లు మెరిస్తే బయటికి రాకండి.

చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం కరాటూయే. అక్కడ చలి తక్కువ, వేడినీళ్లు, ఫోన్ ఛార్జింగ్, ఏటీఎం అన్నీ ఉంటాయి. టెన్షన్ ఉండదు.

మీరు వచ్చే దారిని బట్టి కూడా చూసుకోవాలి. సెరెంగెటి నేషనల్ పార్క్ నుంచి తిరిగి వస్తుంటే సింబా దారిలోనే తగులుతుంది, దాన్ని దాటి కరాటూకి దిగి మళ్లీ పొద్దున్నే పైకి ఎక్కడం దండగ. ఆరూషా నగరం నుంచి ఆలస్యంగా బయలుదేరారా, గేటు సాయంత్రం ఆరింటికి మూసేస్తారు, ఆ రాత్రికి కరాటూలోనే ఆగిపోండి.