కొత్త బ్లేడ్లు చూసి సికిల్ మోవర్ కొనకండి, ఫింగర్ల లోపల చూడండి

ఎండుగడ్డి కోసం సెకండ్ హ్యాండ్ సికిల్ మోవర్ (ట్రాక్టర్‌కి తగిలించి గడ్డి కోసే మిషన్) వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి.

నేను కొన్నదానికి పెయింట్ కొత్తది, బ్లేడ్లూ కొత్తవే. అమ్మినాయన ట్రాక్టర్‌కి తగిలించి ఖాళీగా ఆడించి చూపించాడు. గడ్డిలో దించి చూపించమని నేను అడగలేదు. అదే నా తప్పు.

పొలంలో పట్టుమని పది గజాలు పోలేదు. గడ్డి తెగకుండా బ్లేడుకీ ఫింగరుకీ (బార్ ముందు వేళ్లలా పొడుచుకొచ్చే ఇనుప ముక్క) మధ్య మడతపడి ఇరుక్కుంటోంది. తెగినచోట కూడా పీకి చింపినట్టుంది.

ఇది కత్తెర లాంటి మిషన్. కదిలే బ్లేడు ఒక అంచు, ఫింగర్‌లో బిగించిన లెడ్జర్ ప్లేట్ రెండో అంచు. రెండోది మొద్దుబారితే బ్లేడు ఎంత పదునున్నా లాభం లేదు. నా మిషన్‌లో ప్లేట్లు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. వేలు పెట్టి తడిమితే (ఇంజిన్ ఆపాకే సుమా) ఎవరికైనా తెలిసిపోతుంది. బ్లేడును కిందికి అదిమిపెట్టే క్లిప్పుల దగ్గర పల్చటి రేకు దూరేంత సందు చాలు, నా దాంట్లో నాణెం దూరింది. బ్లేడ్లు, ఫింగర్లు ఉండే పొడవాటి బార్ చివర నిలబడి ఒక కన్ను మూసి చూస్తే రెండు ఫింగర్లు వంగినట్టు కూడా కనిపించింది.

ఇవన్నీ మార్చుకోవచ్చు. అసలు దెబ్బ వేరేచోట తగిలింది. బార్ బయటి కొన లోపలి కొన కంటే కొంచెం ముందుకు ఉండాలి, మీటరుకు సుమారు 2 సెంటీమీటర్లు. కోసేటప్పుడు గడ్డి ఒత్తిడికి అది వెనక్కి జరిగి ట్రాక్టర్‌కి సరిగ్గా అడ్డంగా వస్తుంది. నాది కోయకుండా ఊరికే ఆగి ఉన్నప్పుడే వెనక్కి జరిగి ఉంది. బార్‌ను పట్టి ఉంచే పిన్నులు, బుష్‌లు అరిగిపోయాయన్నమాట. ఫోన్ చేస్తే "చూసుకునే కదా తీసుకెళ్లారు" అన్నాడు. ఈలోగా గడ్డి కంకి వేసి ముదిరిపోయింది, పశువులు కాడలు వదిలేస్తున్నాయి.

ఇంకొకటి, దయచేసి గుర్తుంచుకోండి. గడ్డి ఇరుక్కుంటే పీటీఓ (ట్రాక్టర్ నుంచి మిషన్‌కి పవర్ ఇచ్చే షాఫ్ట్) ఆపి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే దగ్గరికి వెళ్లండి. అప్పుడు కూడా కర్రతోనే తీయండి. బిగుసుకున్న బ్లేడు గడ్డి వదలగానే ఇంజిన్ ఆగి ఉన్నా చటుక్కున జరుగుతుంది. నా గ్లౌజు కొన అలాగే తెగిపోయింది.