పల్లె ఓటు చదవాలంటే ఏది మేలు: అనకాపల్లా, అరకా?

ఎలక్షన్ వచ్చినా పోయినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. సర్వేలకి తిరిగే కుర్రాళ్ళు అడుగుతారు, యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చదివేవాళ్ళు అడుగుతారు, టీ కొట్టు దగ్గర మెజారిటీల మీద పందేలు కాసేవాళ్ళూ అడుగుతారు. వైజాగ్‌లో ఉంటూ పల్లెటూరి ఓటరు ఎలా ఆలోచిస్తాడో తెలియాలంటే ఏ పార్లమెంటు సీటు పట్టుకోవాలి, అనకాపల్లి మేలా, అరకు మేలా అని. వైజాగ్ సీటు ఎలాగూ లెక్కలో లేదు, ఎస్.కోట, భీమిలిలో కొంత తీసేస్తే అందులో మిగిలేది సిటీయే.

ముందు ఒక విషయం. ఈ రెండూ ఒకప్పుడు ఒకే గంపలోవి. 1952లో విశాఖపట్నం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, జనరల్ నుంచి లంకా సుందరం, గిరిజనుల తరఫున గాం మల్లుదొర, ఇద్దరూ ఇండిపెండెంట్లే. మల్లుదొర అంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం సోదరుల్లో ఒకాయన. 1957లో గొలుగొండ పేరుతో మళ్ళీ ఇద్దరు సభ్యుల సీటే, మిస్సుల సూర్యనారాయణమూర్తి, కంకిపాటి వీరన్న పడాల్ గెలిచారు. ఆ ఇద్దరు సభ్యుల పద్ధతి ఎత్తేశాక 1962లో అనకాపల్లి సొంతంగా నిలబడింది, ఏజెన్సీ, అంటే కొండల మీది గిరిజన ప్రాంతం మాత్రం పార్వతీపురం, భద్రాచలం సీట్ల మధ్య ముక్కలైపోయి 2009లో అరకు సీటు వచ్చేదాకా తనకంటూ ఒక పేరు లేకుండా ఉండిపోయింది. పాడేరు వాళ్ళ ఎంపీని భద్రాచలం పేరుతో ఎన్నుకున్న రోజులున్నాయంటే ఇప్పటి కుర్రాళ్ళు నమ్మరు.

అందుకే చరిత్ర కావాలంటే అనకాపల్లి, ఇందులో వాదన లేదు. 1962 నుంచి తెగని వరస ఉంది. 1989లో కొణతాల రామకృష్ణ కాంగ్రెస్ నుంచి 9 ఓట్లతో గెలిచింది ఇక్కడే, లోక్‌సభ చరిత్రలో అంతకన్నా తక్కువ మెజారిటీ లేదు. తర్వాత 1998లో ఇప్పటి జార్ఖండ్‌లోని రాజ్‌మహల్‌లో ఇంకొకాయన సరిగ్గా అదే 9తో గెలిచి రికార్డు పంచుకున్నాడు. కొణతాల 1991లో మళ్ళీ గెలిచారు, ఇక ఆ తర్వాత చూడండి సరదా. 1996 అయ్యన్నపాత్రుడు, 1998 గుడివాడ గురునాథరావు, 1999 గంటా శ్రీనివాసరావు, 2004 పప్పల చలపతిరావు, 2009 సబ్బం హరి, 2014 అవంతి శ్రీనివాస్, 2019 బీశెట్టి సత్యవతి, 2024 సీఎం రమేష్. ఎనిమిది ఎలక్షన్లు, ఎనిమిది మంది, ఒక్కరు కూడా రెండోసారి గెలవలేదు. చాలామంది అసలు రెండోసారి ఆ సీటు జోలికే రాలేదు, అనకాపల్లి ఎంపీ అంటే అసెంబ్లీకో మంత్రి పదవికో వెళ్ళే దారిలో దిగే స్టేషన్‌లా అయిపోయింది.

ఇంకోటి, గాలి ఎటు వీస్తే అనకాపల్లి అటే అని అందరూ అంటారు గానీ అది సగమే నిజం. 2009 నుంచి నాలుగుసార్లూ రాష్ట్రంలో గెలిచిన వైపే ఉంది, ఒప్పుకుంటా. కానీ 2004లో వైఎస్ గాలికి రాష్ట్రమంతా టీడీపీ కొట్టుకుపోయి 42 సీట్లలో ఐదే మిగిలితే అందులో మూడు మన ఉత్తరాంధ్రవే, శ్రీకాకుళం, బొబ్బిలి, అనకాపల్లి. 2009లో అయితే ఎంపీ కాంగ్రెస్‌కి, కింద ఎమ్మెల్యేలు కాంగ్రెస్, టీడీపీ, ప్రజారాజ్యం మూడు పార్టీలకీ పంచేశారు. అనకాపల్లి, పెందుర్తి అసెంబ్లీ సీట్లు ప్రజారాజ్యానికి ఇచ్చి, అదే పార్టీ నుంచి ఎంపీకి నిలబడ్డ అల్లు అరవింద్‌ని ఓడించారు. కాబట్టి మరీ గొర్రెల మంద కాదు.

మరి ఇబ్బంది ఏంటంటే అది ఇప్పుడు పూర్తి పల్లె సీటు కాదు. పరవాడలో ఫార్మా సిటీ, అచ్యుతాపురంలో సెజ్, ఎన్టీపీసీ సింహాద్రి, పెందుర్తిలో సగం జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్), అనకాపల్లి టౌనే జీవీఎంసీలో కలిసింది. బెల్లం మార్కెట్, చెరకు, గోవాడ, తుమ్మపాల, తాండవ, ఏటికొప్పాక షుగర్ ఫ్యాక్టరీలు, ఒకప్పుడు ఎలక్షన్ మీటింగంటే ఇవే. చెరకు టన్నుకి ఎంత, బకాయిలు ఎప్పుడిస్తారు, అదే గొడవ. ఇప్పుడు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూలపడ్డాక చెరకు రైతు కొడుకు అచ్యుతాపురం షిఫ్ట్ బస్సెక్కుతున్నాడు. ఓటు ఊళ్ళో ఉంది, బతుకు కంపెనీలో ఉంది. మాడుగుల, చోడవరం, నర్సీపట్నం వైపు వెళ్తే తప్ప పాత పల్లె లెక్క దొరకదు.

ఇక నా దృష్టిలో అసలు తేల్చే పాయింట్ ఒక్కటే. నాయకుడు పార్టీ మారితే ఓటు ఆయన వెంట వెళ్తుందా, వెళ్ళదా? కులం లెక్కలు, డబ్బు లెక్కలు అందరూ చెప్తారు, అవీ ఉంటాయి, కానీ ఒక ప్రాంతం ఓటరు మనిషిని చూస్తున్నాడా గుర్తుని చూస్తున్నాడా అన్నది దీంట్లోనే బయటపడుతుంది.

అనకాపల్లిలో వెళ్తుంది. గంటా టీడీపీ ఎంపీగా చేసి, చోడవరంలో టీడీపీ ఎమ్మెల్యే అయ్యి, 2009లో ప్రజారాజ్యం నుంచి అనకాపల్లి ఎమ్మెల్యేగా గెలిచారు. పంచకర్ల రమేష్‌బాబు 2009 ప్రజారాజ్యం పెందుర్తి, 2014 టీడీపీ యలమంచిలి, మధ్యలో వైసీపీ, 2024లో జనసేన నుంచి మళ్ళీ పెందుర్తి. ఆ 9 ఓట్ల కొణతాల కూడా కాంగ్రెస్ నుంచి వైసీపీకి వెళ్ళి, చాన్నాళ్ళు ఖాళీగా ఉండి, 2024లో జనసేన గాజు గ్లాసు మీద అనకాపల్లి ఎమ్మెల్యే అయ్యారు. ఇక్కడ మనిషికి, అతని వెనక ఉన్న వర్గానికి, గవర, కాపు, కొప్పుల వెలమ ఈ మూడింటి లెక్కకి విలువ ఎక్కువ. 2019లో వైసీపీ సత్యవతి, టీడీపీ ఆడారి ఆనంద్ ఇద్దరినీ గవర వర్గం నుంచే దింపారంటే పార్టీలకి ఆ లెక్క ఎంత బాగా తెలుసో చూడండి.

అరకులో వెళ్ళదు. 2014లో అరకు పరిధిలోని ఏడు అసెంబ్లీల్లో పార్వతీపురం తప్ప ఆరు వైసీపీ గెలిచింది. తర్వాత ఆ ఎమ్మెల్యేల్లో కిడారి సర్వేశ్వరరావు, గిడ్డి ఈశ్వరి, వంతల రాజేశ్వరి టీడీపీలోకి వెళ్ళారు. కిడారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని 2018 సెప్టెంబర్‌లో లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు చంపేశారు, కిడారి కొడుకు శ్రావణ్‌కి మంత్రి పదవి ఇచ్చారు. అంత జరిగాక సానుభూతి ఉంటుందనుకుంటాం కదా. 2019లో శ్రావణ్ ఓడిపోయారు, ఈశ్వరి ఓడిపోయారు, రాజేశ్వరి ఓడిపోయారు, ఏడుకి ఏడూ వైసీపీయే. కురుపాం రాజవంశం నుంచి వచ్చి కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్ 2009లో కాంగ్రెస్ నుంచి లక్షా 90 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచిన మనిషి, 2019లో అదే సీటులో సైకిల్ మీద నిలబడితే గొడ్డేటి మాధవి చేతిలో 2 లక్షల 24 వేలతో ఓడిపోయారు. కాంగ్రెస్ నుంచి ఆయన కూతురే పోటీ చేశారు, అది వేరే కథ. 2014లో వైసీపీ ఎంపీగా గెలిచిన కొత్తపల్లి గీత 2024లో కమలం గుర్తు మీద వస్తే అదే జనం 50 వేలతో ఓడించారు. గిడ్డి ఈశ్వరి 2024లో పాడేరులో మళ్ళీ టీడీపీ నుంచి దిగి మళ్ళీ ఓడారు.

దీనికి కారణం ఊరికే పట్టుదల కాదు. బాక్సైట్ చూడండి. 2015లో జెర్రెల బ్లాకులో 1,212 హెక్టార్లు రాష్ట్ర ఖనిజ సంస్థ ఏపీఎండీసీకి ఇస్తూ టీడీపీ ప్రభుత్వం నుంచి జీవో 97 వచ్చింది, కొండల్లో ఊరూరా మీటింగులు, వద్దంటే వద్దని. ఆ టైంలో ప్రతిపక్షంలో ఉండి గట్టిగా అరిచినవాళ్ళే తర్వాత జీవో ఇచ్చిన పార్టీలోకి వెళ్తే ఊళ్ళో జనం ఏమనుకుంటారు? భూమి అంటే అక్కడ గిరిజనుల భూమి బయటివాళ్ళకి పోకూడదనే 1/70 చట్టం, ఏజెన్సీ గనులు ప్రైవేటుకి ఇవ్వకూడదన్న సమత తీర్పు, ఇవి చదువు లేనివాడి నోట్లో కూడా ఉంటాయి, మైదానంలో మనకి రేషన్ కార్డు ఎంత తెలుసో అంత. టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చే జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక అది కూడా ఓటు మాటే అయింది. ఇంకో తిరకాసు, కాంగ్రెస్ నుంచి వైసీపీకి వెళ్ళినవాళ్ళని ఏజెన్సీ పార్టీ మారినట్టు లెక్కే వెయ్యలేదు. పార్టీయే మొత్తం ఇల్లు మారింది అనుకున్నారు. సాలూరు రాజన్నదొర అలాగే కాంగ్రెస్ నుంచి వెళ్ళి 2014, 2019 రెండుసార్లు గెలిచారు.

ఇప్పుడు 2024 ఒక్కటి తీసుకోండి, ఈ రెండు సీట్లు పక్కపక్కన పెట్టడానికి ఇంతకన్నా మంచి ఎలక్షన్ దొరకదు. మే 13న ఒకే రోజు పోలింగ్, ఒకే టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి, రెండు చోట్లా ఎంపీకి బీజేపీ కమలమే. అనకాపల్లిలో సీఎం రమేష్, కడప జిల్లా మనిషి, ఊరి పేర్లు కూడా కొత్తే ఆయనకి. ఎదురుగా మాడుగుల నుంచి అప్పటి డిప్యూటీ సీఎం బూడి ముత్యాలనాయుడు, పక్కా లోకల్. బూత్‌లో రెండు మిషన్లు, తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, గులాబీది ఎమ్మెల్యేకి. గులాబీ దాని మీద సైకిలో గ్లాసో నొక్కినవాడు తెల్లదాని దగ్గరికి వచ్చి కమలం వెతుక్కుని నొక్కాడు. మెజారిటీ 2 లక్షల 96 వేలు. ఓటు బదిలీ అంటే ఇది, కూటమి చెప్పింది చెప్పినట్టు జరిగింది.

అరకులో గులాబీ మిషన్ మీద కూటమి ఏడింట్లో ఐదు గెలిచింది, పాలకొండ జనసేన, కురుపాం, పార్వతీపురం, సాలూరు, రంపచోడవరం టీడీపీ. వైసీపీకి అరకు, పాడేరు రెండే. ఎమ్మెల్యే మెజారిటీలన్నీ కూడి తీసేస్తే కూటమే ముందుంటుంది. తెల్ల మిషన్ మీద మాత్రం వైసీపీ గుమ్మ తనూజరాణి గెలిచారు, రాష్ట్రంలో ఆ పార్టీకి దక్కిన నాలుగు ఎంపీ సీట్లలో ఇదొకటి. సైకిల్ నొక్కిన చెయ్యే కమలం దగ్గర ఆగిపోయింది. ఎక్కడికి పోయింది? కొంత ఫ్యానుకి, కొంత సీపీఎంకి. సీపీఎం అభ్యర్థికి లక్షకు పైగా ఓట్లు వచ్చాయి, మైదానంలో ఎర్రజెండాకి ఈ రోజుల్లో ఆ అంకె కల్లో కూడా రాదు. కొంత నోటాకి, దాదాపు 50 వేలు, అంటే గెలిచిన మెజారిటీకి ఇంచుమించు సమానం. 2019లో కూడా 48 వేల దాకా పడ్డాయి. నోటా అంటే గిరిజనులకి గుర్తులు తెలీక చివరి బటన్ నొక్కేస్తారు అని సిటీలో కూర్చుని తేలిగ్గా అనేస్తారు. రెండు మిషన్ల మీద రెండు రకాలుగా ఆలోచించి నొక్కినవాళ్ళున్న సీటుకి గుర్తులు తెలీవనడం నాకైతే మింగుడు పడదు. కొంత తికమక ఉండొచ్చు, మొత్తం మాత్రం అది కాదు.

అందుకే నన్నడిగితే అరకు. అనకాపల్లి చదివితే నాయకులు అర్థమవుతారు, అరకు చదివితే ఓటరు అర్థమవుతాడు, నాకు రెండోది కావాలి.

అలాగని అరకు తేలిక కాదు. ఇప్పటికి నాలుగే ఎలక్షన్లు, నాలుగుతో పెద్ద పెద్ద మాటలు చెప్పలేం. పైగా పాలకొండ నుంచి చింతూరు దాకా కొండల మీద పరుచుకున్న సీటు, అనకాపల్లి అయితే పెందుర్తి నుంచి పాయకరావుపేట దాకా హైవే మీద ఒక పూటలో దాటేస్తాం. అరకు ఎంపీ అభ్యర్థి మొహం చూడకుండా ఓటేసేవాళ్ళే ఎక్కువ, అందుకే గుర్తు అంత బలం. 2024లో పోలింగ్ ముగిసే టైమే మూడు రకాలు, అరకు, పాడేరు, రంపచోడవరంలో 4 గంటలకి, పాలకొండ, కురుపాం, సాలూరులో 5కి, పార్వతీపురంలో 6కి. జనంతో మాట్లాడాలంటే ఊళ్ళకి పోవడం కన్నా సంతకి పోవడం నయం. నాలుగు పంచాయతీల వాళ్ళు ఒక్కచోట దొరుకుతారు, అమ్ముకోవాల్సింది అమ్ముకున్నాక మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడతారు, పొద్దున్నే వెళ్ళి ఎవరికి వేస్తావు అని మొహం మీద అడిగితే ఏ గుర్తు చెప్పాలో మిమ్మల్ని చూసి అదే చెప్తారు.

శ్రీకాకుళం, విజయనగరం కూడా అడుగుతుంటారు. శ్రీకాకుళం అంటే కింజరాపు కుటుంబం, 1996 నుంచి ఒక్క 2009 తప్ప తండ్రో కొడుకో, 2019లో 6 వేల చిల్లరతో గట్టెక్కారు. విజయనగరం 2009 నుంచి గాలితో పాటే పోతోంది. రెండూ ఈ పనికి అంతగా పనికిరావు.

మొదలెట్టేవాళ్ళు ఫారం 20లు దింపుకోండి, బూత్ వారీ లెక్కలు అందులో ఉంటాయి. అరకు 2024 తీసుకుని ఒక్కో బూత్‌లో ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు పక్కపక్కన రాయండి. ముందు సాలూరు, కురుపాం చెయ్యండి, పాడేరు తర్వాత, ఎందుకంటే పాడేరులో రెండూ ఒకే వైపు గెలిచాయి కాబట్టి తేడా అంత తొందరగా కంటికి ఆనదు.