ఆరేళ్లుగా మా ఇంట్లో తిరుగుతున్న డ్రయ్యర్: బట్టలు తడిగా మిగిలినప్పుడు ఏమి చూడాలి

భీమవరం దగ్గర మా ఊళ్లో, ఆవిరిని గొట్టం ద్వారా గోడ బయటికి పంపే రకం డ్రయ్యర్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాము. ముసురు పట్టిందంటే దండెం మీది దుప్పటి మూడో రోజుకు కూడా ముక్కిన వాసన వదలని ఈ డెల్టాలో, ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు అది మమ్మల్ని ఎంతో ఆదుకుంది.

అలాంటిది నాలుగో ఏడు వానాకాలంలో, గంటన్నర తిరిగినా తువ్వాళ్లు తడితడిగానే ఉండసాగాయి. చూడవచ్చిన మెకానిక్ హీటర్ కాయిల్ మార్చాలన్నారు. కాయిల్ కాలిపోతే గాలి చల్లగా రావాలి, కానీ డ్రమ్ములో చేయి పెడితే వేడి బాగానే తగులుతోంది. అందుకని నేను ఒప్పుకోలేదు.

ప్లగ్గు తీసి, పెరట్లోకి వెళ్లి గొట్టం చివర చూశాను. గాలి తోసినప్పుడు తెరుచుకోవలసిన రెక్కమూతను కందిరీగ మట్టిగూడు కట్టి అతికించేసింది. గూడు గోకి గొట్టం విప్పితే, వంపు దగ్గర బట్టల నూగు చెమ్మకు ముద్దకట్టి, తలగడలోని పాత దూదిలా గట్టిపడి, దారిని సగానికి పైగా మూసేసింది. లోపలి జాలీని ప్రతిసారీ దులుపుతున్నా సన్నని నూగు దాన్ని దాటిపోతుందని అప్పుడే తెలిసింది. బట్టలు ఆరడానికి వేడి ఒక్కటే చాలదు, ఆవిరిని మోసుకుపోయే గాలి కావాలి. అది కదలకపోతే లోపల వేడి హద్దు దాటి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ హీటర్‌ను మాటిమాటికీ ఆపేస్తుంది. పేరుకున్న నూగుకు నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోకండి.

గొట్టం బాగయ్యాక పగలు వేసినవి గంటలోపే ఆరాయి గాని, రాత్రి వేసినవి చెమ్మగానే ఉండేవి. మా చుట్టూ రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి, అవి లాగే కరెంటుకు వోల్టేజి పడిపోతుంది. మీటరు పెట్టి చూస్తే వోల్టేజి 180 దగ్గర ఉంది. హీటర్ వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి తగ్గుతుంది కనుక, 230 వోల్టుల వద్ద 2000 వాట్లిచ్చే కాయిల్ 180 వద్ద సుమారు 1225 వాట్లే ఇస్తుంది. అప్పటినుంచి పగలే, కిటికీ తెరిచి పెట్టి వేస్తున్నాము.

మీది తేమను బట్టి తనంతట తాను ఆగే యంత్రమైతే, డ్రమ్ము అంచున ఉండే రెండు లోహపు పట్టీలను కూడా చూడండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ జిడ్డు వాటిమీద పొరకడితే, తడి బట్టలను కూడా ఆరినట్టే లెక్కగట్టి ముందే ఆగిపోతుంది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు.

ఏటా తొలకరికి ముందొకసారి, దీపావళికి ముందొకసారి గొట్టం విప్పి శుభ్రం చేస్తున్నాము. కందిరీగ రాకుండా చివర వల బిగిద్దామనుకున్నాను గాని, నూగు ఆ వలకే పట్టి గాలిని ఆపేస్తుందని మానుకుని, వారానికోసారి రెక్కను వేలితో ఎత్తి చూసుకుంటున్నాను.