పాత ఇంటిపై స్టీల్ ఫ్రేమ్ అంతస్తు వేయించేవారికి: బోర్డులు బిగించకముందే చూసుకోండి

హైదరాబాద్‌లో పాత ఇంటి మీద స్టీల్ ఫ్రేమ్‌తో మరో అంతస్తు వేయించాలని అడ్వాన్సు సిద్ధం చేసుకున్నవారు ఆ డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి. నాచారంలో మా మామగారు కట్టించిన ఇంటిపై రెండు గదులు, ఒక స్నానాల గది వేయించాం. తుప్పు పట్టకుండా జింక్ పూత వేసిన, పల్చటి ఉక్కు రేకును మడిచి చేసే లైట్ గేజ్ సెక్షన్లకు ధర కట్టించుకున్న కాంట్రాక్టరు, వాటిని వీధి వైపు గోడలకు మాత్రమే వాడాడు. వెనుక వైపంతా జింక్ పూత లేని మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపులు వెల్డింగ్ చేసి, వెండి రంగు కొట్టి, పైన గోడగా కనిపించే బోర్డులు బిగించేశాడు. మొదటి వానాకాలంలోనే కిటికీల కింద గోధుమ రంగు చారలు దిగాయి. ఫోను చేస్తే, "అది తుప్పు కాదు మేడమ్, వాన మరక. ఒక కోటింగ్ వేస్తే పోతుంది" అన్నాడు. కోటింగ్ వేశారు. చారలు దాని మీదుగా మళ్లీ దిగాయి. చివరికి మేమే మనిషిని పెట్టి బోర్డు విప్పిస్తే అసలు సంగతి బయటపడింది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం కాబట్టి పేరు రాయడం లేదు. రాసినా పెద్ద లాభం లేదు. కొటేషన్ మీద ఒక పేరు, రసీదు మీద ఇంకో పేరు, డబ్బు వేయమన్న ఖాతా మరెవరి పేరు మీదో ఉండే మనుషులు రేపు కొత్త పేరుతో వస్తారు.

ఈ నిర్మాణ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పది అడుగుల ఎత్తు లేపితే మీటరు పొడవుకు సుమారు 1,300 కిలోల బరువు పడుతుంది. స్టీల్ ఫ్రేమ్ గోడ అందులో చిన్న వంతు. పాత పునాదుల మీద అంతస్తు వేసేవారికి ఇది నిజంగా పనికొచ్చే మార్గమే. బీఎంటీపీసీ వంటి కేంద్ర సంస్థ కూడా దీన్ని ప్రత్యామ్నాయ పద్ధతుల్లో ఒకటిగా చూపిస్తోంది. చిక్కంతా ఎక్కడంటే, ఇంటిని నిలబెట్టే ఉక్కు బోర్డుల వెనక్కి వెళ్లిపోతుంది. ఇటుకల్లో మోసం రోజూ కళ్లెదుట ఉంటుంది. ఇక్కడ బోర్డు బిగించాక మీకు కనిపించేది రంగు ఒక్కటే.

జింక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది అక్కడే. 275 గ్రేడు పూత అంటే రేకుకు రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల జింక్. ఒక్కో వైపు దాదాపు 20 మైక్రాన్ల మందం. 120 గ్రేడులో ఇది ఎనిమిది మైక్రాన్ల పైచిలుకే. రెండూ కంటికి ఒకేలా మెరుస్తాయి. పూత మందం కొలిచే చిన్న పరికరం ఉంటుంది, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిస్తే తెప్పిస్తారు. ఆ ఫీజుకు వెనకాడకండి. ఇక మంచి పూత ఉన్నా దాని మీద వెల్డింగ్ చేస్తే అక్కడి జింక్ కాలిపోతుంది. జింక్ మరిగేది 907 డిగ్రీల దగ్గర, వెల్డింగ్ వేడి అంతకన్నా ఎంతో ఎక్కువ. అందుకే లైట్ గేజ్ ఫ్రేమును స్క్రూలతో కలుపుతారు. మీ మేడ మీద వెల్డింగ్ మెరుపులు కనిపిస్తే పని ఆపించి అడగండి. "జాయింటు గట్టిగా ఉండాలని" అనే జవాబు మాకూ వచ్చింది.

రేకు మందంలోనూ చేతివాటం ఉంటుంది. ఒక మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని మడిచి చేసిన మూడు మీటర్ల నిలువు సెక్షన్ 4.7 కిలోలు ఉండాలి. 3.8 తూగిందంటే అది 0.8 మిల్లీమీటర్ల రేకు. ఇంట్లో తూకం యంత్రం ఉన్నా చాలు. లారీ లోడు మొత్తానికి ధర్మకాంటా చీటీ కూడా అడిగి తీసుకోండి.

గోడ అడుగున పడుకోబెట్టే ట్రాక్‌ను నేరుగా స్లాబు మీద పెట్టనివ్వకండి. మధ్యలో తేమను ఆపే పొర ఉండాలి. మాకు అదీ వేయలేదు, స్లాబు మీద నిలిచిన వాన నీళ్లు లోపలికి నడిచాయి. స్నానాల గదికి సిమెంట్ బోర్డు రాసుకుని మామూలు జిప్సం బోర్డు వేశారు. అది ఉబ్బి, టైల్సు ఊడివచ్చాయి. వాటర్ ట్యాంకు సంగతి మరీ ఘోరం. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు; దాన్ని లెక్కలో లేని పైకప్పు మీద కూర్చోబెడతామన్నారు. మావారు అడ్డుపడటంతో అదొక్కటి తప్పింది.

కాగితాల విషయానికి వస్తే, సొంత స్థలంలో సొంతానికి కట్టించుకునే ఇంటికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వర్తించదు. మీకు దిక్కు మీ అగ్రిమెంటే. అందులో "నాణ్యమైన జీఐ స్టీల్" (జింక్ పూత ఉక్కు) అని మాత్రమే ఉంటే అది ఏమీ లేనట్టే. రేకు మందం, జింక్ గ్రాములు, స్క్రూలతోనే కలపాలన్న మాట, ఏ గోడకు ఏ బోర్డు అన్నీ అంకెలతో రాయించండి. వాయిదాల్లో ఒకటి మాత్రం తప్పకుండా "ఫ్రేమ్ నిలబెట్టాక, బోర్డులకు ముందు, ఇంజనీరు చూశాక" అని ఉండాలి. బిల్లు ఎవరి పేరుతో ఇస్తారో, డబ్బు వాళ్ల ఖాతాకే వేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే చూస్తుంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఇప్పటికే బోర్డులు బిగించేసి ఉంటే మెయిన్ ఆపి, బయటి గోడ మీది స్విచ్ బోర్డు ఒకటి విప్పించి టార్చితో లోపల చూడండి. వెల్డింగ్ మచ్చ గానీ గుండ్రటి, చదరపు పైపులు గానీ కనిపిస్తే ఫొటోలు తీసుకుని చివరి వాయిదా ఆపేయండి.