"50 డిగ్రీలు మించని వేడిగాలి" ఎండు పాలకూర: కొనేముందు ఇది చదవండి

ఈ పాలకూర అమ్మేది ఏ పేజీ వాళ్లో చెప్పక్కర్లేదు, ఇక్కడ సగం మంది అక్కడే కొంటున్నారు. ప్యాకెట్ మీద "50 డిగ్రీలు మించని వేడిగాలి, సహజమైన పచ్చదనం" అని ఉంది. తెరిస్తే ఖాకీ ముక్కలు, ఎండుగడ్డి వాసన. ఆకు పొడిపొడిగా విరుగుతోంది, కాడ మాత్రం విరక్కుండా వంగుతోంది.

ఫోటోలు పంపి, ఎంత వేడిలో ఎంతసేపు పెట్టారని అడిగితే వచ్చిన జవాబు: "ఆకన్నాక ఎండితే రంగు పోదా అండీ? వండుకునేవాళ్లకి డిగ్రీల లెక్కెందుకు?" వెంటనే బ్లాక్. డిగ్రీల లెక్క ప్యాకెట్ మీద అచ్చేసింది మీరే కదా మహానుభావా!

రంగు ఊరికే పోదు. వేడికి కణాలు దెబ్బతిని లోపలి ఆమ్లాలు బయటపడితే ఆకుకు పచ్చరంగునిచ్చే క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియం పోయి హైడ్రోజన్ చేరుతుంది. అలా తయారయ్యే ఫియోఫైటినే ఆ ఖాకీ. వేడి ఎక్కువైనా, తడిగా వెచ్చగా ఎక్కువసేపు ఉన్నా ఇదే గతి. ట్రేలో ఆకు గుట్టగా పోస్తే గాలి లోపలికి దూరదు, పైది ఎండుతుంది, అడుగుది తన ఆవిరిలో తనే మగ్గుతుంది. ఒకే ప్యాకెట్‌లో పచ్చవీ గోధుమవీ కలిసి రావడం చూస్తే ఇక్కడ జరిగిందీ అదేననిపిస్తోంది. డ్రయ్యర్ డిస్‌ప్లేలో 50 అంటే వేడి కొలిచే సెన్సార్ ఉన్నచోట 50, హీటర్ పక్క ట్రే సంగతి వేరు.

పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. కాడలు తీసేసి, మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, నీరు ఓడ్చి, ఒకే వరుసగా పరిచి, 50–60 డిగ్రీల్లో మధ్యమధ్య ట్రేలు మారుస్తూ ఆరబెట్టాలి. ముంచితే రంగూ వాసనా చెడగొట్టే ఎంజైములు ఆగిపోతాయి. విటమిన్ సి కొంత ఆ నీళ్లలోనే పోతుంది, మిగిలినదాంట్లో చాలావరకు వేడికీ గాలికీ పోతుంది. వీళ్లేమో "విటమిన్ సి పుష్కలం" అని కూడా రాశారు. అచ్చులో పుష్కలమే!

రంగు కంటే కాడలే ప్రమాదం. వాటిలో మిగిలిన తేమ మూసిన ప్యాకెట్‌లో ఆకులకు పాకి బూజు పట్టిస్తుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు కాడ విరిచి చూడండి, వంగితే వాడొద్దు. మరీ చిలకపచ్చగా ఉన్నా మురిసిపోకండి. చన్నీళ్లలో వేసి దట్టమైన గుడ్డలో వడకట్టండి. క్లోరోఫిల్ నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు చిక్కటి పచ్చగా దిగితే రంగు కలిపారేమోనని అనుమానించాల్సిందే. వెలుతురు తగిలే పారదర్శక కవర్లలోవి అసలు తీసుకోవద్దు.