కోనసీమ ఉక్కపోతకి కూలరా, ఫ్యానా, ఏసీనా?

"అన్నయ్యా, కూలరు పెట్టాక రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుంటున్నాం" అని అనంతపురం నుంచి మా తోడల్లుడు ఫోను చేశాడు. అది విన్న దగ్గర్నుంచీ మా ఆవిడ అమలాపురంలోనూ కూలరు కావాల్సిందేనంది. తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు మాత్రం "కొనేముందు కొలుద్దాం మావయ్యా" అన్నాడు.

గోడకి తగిలించే గాజు థర్మామీటరు ఒకటి చాలు. జ్వరం చూసేది పనికిరాదు. అడుగునున్న బల్బుకి పాత పంచె ముక్క చుట్టి, దారంతో కట్టి, నీళ్ళతో తడిపి ఫ్యాను ఎదురుగా పెట్టాం. గుడ్డలో నీరు ఆవిరయ్యేటప్పుడు బల్బు నుంచి వేడి లాక్కుంటుంది. కూలరు ప్యాడ్లలో జరిగేదీ ఇదే. కాబట్టి అంకె దిగి దిగి ఎక్కడ ఆగిందో, ఎంత ఖరీదైన కూలరైనా గాలిని అంతకు దిగువకి తేలేదు.

మా హాల్లో 36 డిగ్రీలుంటే, తడిగుడ్డతో 30 దగ్గర ఆగిపోయింది. తోడల్లుడి చేత కూడా చేయిస్తే అక్కడ 40 కాస్తా 23కి దిగిందట! ఆయనకి 17 డిగ్రీల వెసులుబాటు, మనకి ఆరు. ఆ ఆరూ పూర్తిగా దక్కవు, ముప్పాతిక వంతు వస్తే గొప్ప. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఇక ఆవిరి లేచేదెలా? పైగా కూలరు గదిలోకి ఇంకాస్త తేమ తోస్తుంది, ఒంటి మీద జిడ్డు చెమట ఆరదు.

పడమటి గాలి పొడిగా వీచే రోజుల్లో సంగతి వేరు. కుండలో నీళ్ళు బాగా చల్లబడ్డాయంటే ఆ రోజు కూలరూ పనిచేస్తుంది. కానీ అలాంటి నాలుగు రోజుల కోసం కొనాలా?

ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటని ఆరబెడుతుందంతే. మామూలు ఫ్యాను తినే 70, 75 వాట్లూ చివరికి గదిలో వేడిగానే మిగులుతాయి. మనిషి లేని గదిలో తిప్పడం దండగ. కొత్తది కొంటే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం (తక్కువ కరెంటు తినే బ్రష్‌లెస్ మోటారుది) తీసుకోండి.

తేమని నిజంగా బయటికి పంపేది ఏసీ ఒక్కటే. గొట్టం కింద బకెట్ పెట్టి చూడండి, ఆ నీళ్ళన్నీ మన గదిలోవే. ఒక్క లీటరు అలా నీరుగా మారాలంటే ఏసీ దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి లాగాలి. అందుకే మన వైపు దానికి పని ఎక్కువ. ఒక టన్ను ఏసీ సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తోడుతుంది, అందుకు ఒక కిలోవాటు దాకా కరెంటు తింటుంది. తలుపులు బిగించి, 27లో పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పితే బిల్లు కొంత అదుపులో ఉంటుంది. మేం పడకగదికి ఏసీ, మిగతా ఇంటికి ఫ్యాన్లతో సరిపెట్టుకున్నాం.

రాజమండ్రి వైపు వాళ్ళు మా అంకెలు నమ్మకండి, మీ ఇంట్లోనే తడిగుడ్డ కట్టి చూసుకోండి. ఇప్పటికే కూలరు కొనేసిన కోనసీమ వాళ్ళు దాని వీపు తెరిచిన కిటికీ వైపు ఉండేలా పెట్టి, అవతలి తలుపు బార్లా తెరవండి. ఉక్కగా ఉన్న రోజు నీళ్ళ పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి.