ఆషాఢం, పుష్యం... షాపు ఖాళీ నెలల్లో మేం తిరిగిన నాలుగు దేశాలు

బరంపురం బడా బజార్‌లో మాది పట్టుచీరల షాపు, బేరమంతా తెలుగు పెళ్ళిళ్ళ మీదే. అందుకని మాకు ఊరు కదలడానికి ఏడాదికి రెండే ఖాళీలు, ఆషాఢం ఒకటి, పుష్యం ఒకటి. ఎవర్నడిగినా అక్టోబర్లో వెళ్ళండి బాగుంటుంది అంటారు గానీ అక్టోబర్లో నేను షాపు వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి మా నాన్న ఇంటి తాళం మార్చేస్తాడు. మాలాగా నెల ఎంచుకునే వీలు లేనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. వెళ్ళేది నేను, మా ఆవిడ, అమ్మ. అమ్మకి అరవై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు, సోమవారం గురువారం నీచు ముట్టదు. నాన్న రాడు, కౌంటర్లో ఎవరో ఒకరు కూచోవాలి కదరా అంటాడు.

ముందు ఎయిర్‌పోర్ట్ సంగతి. మనకి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, వైజాగ్ 260 దాకా ఉంటుంది. రెండు చోట్లా విదేశీ ఫ్లైట్లు ఒక సీజన్లో ఉంటాయి, ఇంకో సీజన్లో మాయమైపోతాయి, కాబట్టి నేను ఎప్పుడూ కలకత్తా, మద్రాసు కూడా పక్కన పెట్టుకుని రేట్లు చూస్తా. మా తాతగారి అన్నయ్య గోపాల్పూర్లో ఓడెక్కి నేరుగా రంగూన్ దిగాడట. అప్పుడు విదేశానికి ఓడ ఇంటి పక్కనే ఉండేది, ఇప్పుడు మేం నాలుగు గంటలు ట్రైన్లో కూచుని వైజాగ్ పోతున్నాం.

మొదట నేపాల్, 2024 జనవరి. కలకత్తా నించి ఫ్లైట్. పుష్యంలో నేపాల్ అంటే చలి, మామూలు చలి కాదు, కానీ ఆకాశం శుభ్రంగా ఉంటుంది, పోఖరా పైన సారంగ్‌కోట్‌లో పొద్దున్నే అన్నపూర్ణ కొండలు చెయ్యి చాపితే అందేలా కనబడ్డాయి. హోటల్ బుక్ చేసేటప్పుడు రూములో హీటర్ ఉందా, దానికి వేరే డబ్బులా అని అడగండి, మేం అడగలేదు, రెండు రాత్రులు స్వెట్టర్లతోనే పడుకున్నాం. ఖాట్మండు నించి పోఖరా 200 కిలోమీటర్లే కదా అని కారు మాట్లాడాం, తొమ్మిది గంటలు పట్టింది, రోడ్డంతా తవ్వేసి ఉంది, పెద్దవాళ్ళుంటే ఆ ఒక్కటీ ఫ్లైట్లో వెళ్ళిపోండి. పశుపతినాథ్ గుళ్ళో నాలుగు వైపులా గుమ్మాలు, నాలుగు వైపుల నించీ దర్శనం. ప్రధాన అర్చకులు కర్ణాటక నించి వచ్చినవాళ్ళు అని తెలిసి అమ్మ మనవాళ్ళే అన్నట్టు మురిసిపోయింది. వీసా అక్కర్లేదు గానీ ఆధార్ నమ్ముకుని వెళ్ళకండి, పాస్‌పోర్టో ఓటర్ కార్డో ఉండాలి. మన వంద వాళ్ళ నూట అరవై, లెక్క తేలిక.

2025 పుష్యంలో బ్యాంకాక్. వైజాగ్ నించి డైరెక్ట్ దొరికింది, మేం వెళ్ళినప్పుడు మనకి వీసా కూడా అక్కర్లేకపోయింది (ఇప్పుడైతే దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపాలి). ఇక్కడ నేను చేసిన తప్పు హోటల్. ఫోటోలో స్విమ్మింగ్ పూల్ చూసి, రేటు తక్కువని ఎక్కడో సందులో బుక్ చేశా, అక్కణ్ణించి మెట్రో స్టేషన్‌కి పాతిక నిమిషాల నడక, అమ్మ వల్ల కాదు, రోజూ టాక్సీకి పెట్టింది చూస్తే మిగిల్చిన డబ్బు రెండో రోజుకే అయిపోయింది. మూడో రోజు సఫాన్ తాక్సిన్ స్టేషన్ పక్కకి మారాం. దిగితే నది, రేవులో నారింజ జెండా పడవ ఎక్కితే 16 బాట్లకి ఎంత దూరమైనా పోవచ్చు, అదే ఊరు అప్పుడు వేరే ఊరిలా అయిపోయింది. పూల్‌లో ఎవరం దిగలేదు, చెప్పక్కర్లేదు అనుకోండి.

గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాట్లు, భుజాలు మోకాళ్ళు కప్పుకోవాలి. గేటు బయట ఎవడో వచ్చి ఇవాళ మూసేశారు, నా టుక్‌టుక్‌లో వేరే గుడి చూపిస్తా అంటే వినకండి, నేరుగా లోపలికి నడిచి వెళ్ళిపోండి. తిండి దగ్గర ఒక చిట్కా, థాయ్‌లో కూరల్లోకి కూడా చేప సాస్ పోస్తారు, వెజ్ అని చెప్తే మాంసం తీసేస్తారు సాస్ తియ్యరు. పసుపు బోర్డు మీద ఎర్రగా మన 17 అంకెలాగా కనబడే అక్షరాలుంటాయి, వాటిని "జే" అంటారు, అక్కడ ఏ నీచూ ఉండదు. సోమవారం, గురువారం అమ్మ ఆ 17 కోసం వీధంతా వెతికేది.

శ్రీలంక 2024 ఆషాఢంలో వెళ్ళాం, అంటే జులై. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం తప్పు నాదే. మా ఊళ్ళో ఒక ఏజెంట్ దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం, కాండీ, నువర ఎలియ, ఎల్ల, మిరిస్స బీచ్. జులైలో ఆ పడమర దక్షిణ వైపంతా నైరుతి వానలు, ఆ మాట అతను చెప్పలేదు, నేను అడగలేదు. నువర ఎలియలో తేయాకు తోట కనబడాల్సిన కిటికీలో మూడు రోజులూ తెల్లటి మంచే, దుప్పట్లు చెమ్మ వాసన. కాండీ నించి ఎల్ల ట్రైనుకి రిజర్వేషన్ అన్నాడు, తీరా చూస్తే చేతిలో పెట్టింది జనరల్ టికెట్లు. ఒక సింహళ కుటుంబం పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని అమ్మకి సీటు ఇచ్చింది, లేకపోతే ఆరేడు గంటలు నిలబడాల్సిందే. ఆ సీట్లు నెల ముందే తెరుస్తారు, వెంటనే అయిపోతాయి, ఎవర్నీ నమ్మకుండా మీరే చేసుకోండి.

కాండీ మాత్రం వానలో కూడా వృథా కాలేదు. బుద్ధుడి దంతం ఉన్న గుడి. ఆ దంతాన్ని కళింగ రాజకుమారి హేమమాలి జుట్టులో దాచుకుని లంకకి తెచ్చిందని వాళ్ళ కథ. ఆ కళింగ దంతపురం మన ఆమదాలవలస దగ్గరి దంతవక్తుని కోటే అని కొందరు చరిత్రకారులంటారు, అంటే మా బరంపురం నించి ట్రైన్లో రెండు గంటలు. ఈ సంగతి చెప్పగానే అమ్మ, మన దగ్గర్నించి పట్టుకొచ్చినదానికి మనకే టికెట్టా అంది. సార్క్ దేశాలవాళ్ళకి కొంచెం తక్కువే లెండి, పాస్‌పోర్ట్ చూపించాలి. దంతం కనబడదు, పెట్టె ఉన్న గది తలుపు పూజ వేళల్లోనే తెరుస్తారు, ఆ టైం చూసుకుని వెళ్ళండి. ఏనుగుల ఊరేగింపు పేరు ఎసల పెరహెర, ఎసల అంటే ఆషాఢమే గానీ అది జరిగేసరికి మనకి శ్రావణం వచ్చేస్తుంది, శ్రావణంలో నేను చీరలు మడతపెట్టుకుంటూ ఉంటా.

ఆఖరికి విసుగొచ్చి మిగిలిన ప్యాకేజీ వదిలేసి, కారు మాట్లాడుకుని తూర్పు తీరానికి, త్రికోణమలై వెళ్ళిపోయాం. కొండ దిగి దంబుల్ల దాటేసరికి ఎండ! జులైలో అటువైపు వాన ఉండదు. నిలావెలిలో ఒక తమిళ కుటుంబం నడిపే నాలుగు రూముల గెస్ట్‌హౌస్, ఏసీ కాస్త మూలుగుతుంది, మిగతా అంతా శుభ్రం, పొద్దున్న ఇడ్లీ కొబ్బరి చట్నీ. అప్పటిదాకా నీచు ముట్టని రోజుల్లో అమ్మ పస్తులే అనుకోవచ్చు, ఎందుకంటే సింహళం వంటలో కొబ్బరి పచ్చడిలో కూడా ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు, మేం బరంపురం నించి మోసుకెళ్ళిన అప్పడాలు, ఆవకాయే కాపాడాయి. కోనేశ్వరం గుడి కోటలోపల సముద్రం మీదికి వంగిన కొండ కొన మీద, దారిలో జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి. ఆషాఢంలో లంక అంటే ఇకనించి నా సమాధానం ఒకటే, తూర్పు వైపు.

బాలి 2025 ఆషాఢంలో. అక్కడ అది వాన లేని కాలం, మాకు సరిగ్గా కుదిరింది, కాకపోతే ఆస్ట్రేలియావాళ్ళకి కూడా అదే సెలవుల టైం, రూములు ఫిబ్రవరిలోనే బుక్ చేశా. వైజాగ్ నించి సింగపూర్, అక్కణ్ణించి బాలి. దిగగానే వీసా 5 లక్షల రుపయా, టూరిస్ట్ పన్ను లక్షన్నర, వినడానికే గుండె గుభేల్‌మంటుంది, లెక్క కడితే ఫర్వాలేదు. ఉబుద్‌లో వరి మడులు కనబడే విల్లా తీసుకున్నాం, మడులు నిజంగా బ్రహ్మాండం, కానీ రూముకి నలభై మెట్లు దిగాలి, కారు రాదు, అమ్మ మూడు రోజులూ వరండాలో కూచుని వరినే చూసింది. మనకి వరి చూడ్డానికి బాలి దాకా ఎందుకురా అని ఒకసారి అంది, నిజమే. పెద్దవాళ్ళుంటే సనూర్‌లో ఉండండి, ఊరంతా చదును, సముద్రం పక్కనే నడిచే బాట, నీళ్ళలో అడ్డంగా పగడపు దిబ్బ ఉండడం వల్ల అలలు పెద్దగా రావు, గోపాల్పూర్లో లాగా పొద్దు సముద్రంలోంచే వస్తుంది. బస్సులు లెక్కలోకి రావు, డ్రైవర్‌తో కారు రోజుకింత అని మాట్లాడుకోవడమే. ఉలువాటులో కోతి మా ఆవిడ కళ్ళజోడు లాక్కుపోయింది, అక్కడి మనిషి పండు ఇచ్చి మార్చి తెచ్చాడు, కళ్ళజోళ్ళు కార్లోనే వదిలేయండి.

మాకు అన్నిటికంటే నచ్చింది ఎవరూ చెప్పని ఊరు, తూర్పున తెంగానన్. గెరింగ్‌సింగ్ అనే బట్ట నేస్తారు, నూలు బట్ట, పడుగుకీ పేకకీ రెండిటికీ ముందే ముడులు కట్టి రంగులద్ది నేసేది, గుజరాత్ పటాన్ పటోలా లాగా. ఒడిశా బాంధ (ఇక్కత్) చీరలు అమ్ముకునే నాకు ఆ మగ్గం ముందు కాళ్ళు కదల్లేదు. రంగులు పూర్తవడానికే ఏళ్ళు పడుతుందిట. అమ్మ మా బరంపురం పట్టులో వచ్చే ఫోడా కుంభం అంచు చీర కట్టుకుంది, నేసే ఆవిడ లేచొచ్చి ఆ అంచు వేళ్ళతో తడిమి చూసింది, ఇద్దరికీ ఒక్క మాట రాదు, అరగంట ఒకరి బట్ట ఒకళ్ళు తిరగేసుకుంటూ కూచున్నారు. అరగజం చిన్న ముక్క కొన్నా, ఎంతకో ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

ఇంటికొచ్చి ఆ ముక్క కౌంటర్ మీద పెడితే నాన్న ట్యూబ్‌లైటు కింద అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, రెండు వైపులా ఒక్కలాగే ఉంది. ధర అడగలేదు. వచ్చే పుష్యానికి ఎటు అన్నాడు. వియత్నాం అనుకుంటున్నా, హోయ్ ఆన్ అంతా టైలర్ల ఊరు గానీ జనవరికి అటువైపు వానలు పూర్తిగా వదలవు, అందుకని కింద సైగాన్ వైపు చూస్తున్నా అన్నా. నాలుగు టికెట్లు చూడు అన్నాడు. కౌంటర్లో ఎవరు కూచుంటారో ఇంకా తేలలేదు.